పెద్దాపరేషన్ అయ్యాక మన వయసెంత?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



ఏటా మా వంతు వచ్చినప్పుడు పొదుపెంత, అప్పెంత, బ్యాంకుకు కట్టిందెంత అని చదివి దిగిపోయేవాళ్లం. ఈసారి ఆ లెక్కలు నివేదికలో అచ్చయ్యే ఉన్నాయి, మీరే చూసుకోండి. మా తీర్మానాల పుస్తకంలో ఇంకో లెక్క ఉంది. అది చెబుదామని మైకు పట్టుకున్నాం. పదో తరగతి దాకా చదివామని, పెళ్లయి ఈ ఊరొచ్చిన కొత్తల్లోనే ఆ పుస్తకం మా చేతికిచ్చారు. అందులో రాతంతా మాదే. కాబట్టి ఇప్పుడు చెప్పబోయే దాంట్లో తప్పు కూడా మాకు కొంత ఉంది.

మా సంఘంలో ఒక అక్క ఉంది. వయసు 43. ఈ హాల్లోనే కూర్చుంది. సంగతి చెప్పమంది, పేరు మాత్రం చెప్పొద్దంది. పోయిన మాఘమాసంలో మిరప కోతలకు పోయి వచ్చిన సాయంత్రం ఆమెకు వీపు మధ్యన పట్టేసినట్టయింది. దవడలు లాగాయి. ఒళ్లంతా చెమటలు పోసి రెండుసార్లు వాంతయింది. "ఛాతీలో నొప్పిగా ఉందా అక్కా?" అంటే, "నొప్పి కాదే, ఏదో బరువు పెట్టినట్టుంది, ఆయాసంగా ఉంది" అంది. మధ్యాహ్నం చేలో అందరం పచ్చడి మెతుకులే తిన్నాం కదా, గ్యాస్ పట్టిందనుకున్నాం. ఒకరు వాము నీళ్లు కాచి ఇచ్చారు. ఒకరు వీపు రుద్దారు. నిమ్మకాయ సోడా తెప్పించింది మేమే. ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్‌కి ఇంజెక్షన్ చేసి వెళ్లాడు. ఆ రాత్రంతా ఆమె గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. తెల్లారి లేచి గేదె పాలు పిండింది. పిల్లాడికి క్యారేజీ కట్టింది. అప్పుడు "ఇక నా వల్ల కాదే" అని అరుగు మీద ఒరిగిపోయింది.

గుంటూరు చేరేసరికి నొప్పి మొదలై పన్నెండు గంటలు దాటింది. ఈసీజీ తీసి గుండెపోటు అన్నారు. ఆరోగ్యశ్రీలో స్టెంటు వేశారు. మనిషి దక్కింది. కానీ నెత్తురు అందక గుండె కండ కొంత చచ్చిపోయింది, అది మళ్లీ రాదట. ఇప్పుడు ఆమె బిందె ఎత్తలేదు. రెండు మెట్లెక్కితే నిలబడిపోతుంది. కోతలకు పోయే రోజులు అయిపోయాయి.

ఆ ఇంట్లోనే రెండేళ్ల ముందు వాళ్లాయనకు కూడా గుండెపోటు వచ్చింది. ఆయనకు అప్పుడు 50. పొలం గట్టు మీద ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. వాము నీళ్లు కాచిన వాళ్లు ఒక్కరు లేరు. అరగంటలో కారు మాట్లాడి ఆసుపత్రిలో పడేశారు. ఇప్పుడు మామూలుగా పొలం చేసుకుంటున్నాడు. మేము ఆయన్ని తప్పుపట్టట్లేదు, ఆ మనిషి భార్యకు మందులు తనే గుర్తుచేసి వేస్తున్నాడు. మగాయన ఛాతీ పట్టుకుంటే ఊరంతటికీ గుండె గుర్తుకొచ్చింది. ఆడమనిషి ఆయాసపడుతుంటే, పక్కనే కూర్చున్న ఆడవాళ్లం మాకే గుర్తు రాలేదు. మాకు కోపం వచ్చేది అక్కడే.

గుంటూరులో డాక్టరు ఆమెను అడిగిన ప్రశ్నల్లో ఒకటి మాకు వింతగా తోచింది. "నెలసరి ఎప్పుడు ఆగింది?" అన్నాడు. గుండెకీ నెలసరికీ ఏం సంబంధం అనుకున్నాం. "పెద్దాపరేషన్ అయింది కదండీ, పన్నెండేళ్లయింది" అంది అక్క. 31 ఏళ్లకు. డాక్టరు తల పంకించి కాగితం మీద రాసుకున్నాడు.

ఇంటికొచ్చాక పాత తీర్మానాల పుస్తకం తీశాం. పన్నెండేళ్ల కిందటి పేజీలో మా రాతతోనే ఉంది: ఫలానా సభ్యురాలికి గర్భసంచి ఆపరేషన్ నిమిత్తం సంఘం నిధి నుంచి ఇరవై వేలు అప్పు ఇవ్వడానికి అందరం ఒప్పుకున్నాం అని. కింద అందరి సంతకాలు, వేలిముద్రలు. పేజీలు తిప్పుతూ పోతే అలాంటి తీర్మానాలు ఇంకో నాలుగు దొరికాయి. ఐదుగురిలో ఒక్కరికీ నలభై నిండలేదు. మరి బీపీ, షుగరు పరీక్ష చేయించుకోవడానికని ఎవరికైనా అప్పు ఇచ్చామా, కనీసం ఆ మాటైనా సమావేశంలో వచ్చిందా అని వెతికాం. ఒక్క లైను లేదు.

తర్వాత మా పీహెచ్‌సీ డాక్టరమ్మను బతిమాలితే ఒక పూట మా గ్రామ సంఘం ఆఫీసుకు వచ్చి కూర్చుంది. ఆమె చెప్పినదాన్ని మాకు అర్థమైన మాటల్లో చెబుతాం.

గర్భసంచికి రెండు పక్కలా బాదంకాయంత అండాశయాలు ఉంటాయి. వాటిలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తయారవుతుంది. అది నెలసరి కోసమే ఉందని అనుకుంటాం గానీ రక్తనాళాలను మెత్తగా ఉంచడంలో, మంచి కొవ్వు తగ్గకుండా చూడటంలో దానికి పనుంది. అందుకే మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లకు గుండెపోటు సుమారు ఏడు నుంచి పదేళ్లు ఆలస్యంగా వస్తుంది. మన ఊళ్లలో నలభై, యాభైల్లో గుండెపోటుతో పోయిన మగవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టండి, ఆ వయసు ఆడవాళ్లను లెక్కపెట్టండి, తేడా తెలుస్తుంది. అది చూసే గుండెజబ్బు మగవాళ్లదని మనం తీర్మానం చేసేసుకున్నాం.

కానీ ముట్లుడిగాక ఆ కాపు పోతుంది. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్లకు జరుగుతుంది. అప్పటిదాకా తుంటి దగ్గర, తొడల దగ్గర చేరే కొవ్వు అక్కణ్నుంచి పొట్ట చుట్టూ చేరడం మొదలవుతుంది. చెడు కొవ్వు పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది. వయసులో ఉన్నప్పుడు బీపీ మగవాళ్లలో ఎక్కువ. అరవై దాటాక ఆడవాళ్లే వాళ్లను దాటిపోతారు. మన అత్తలను చూడండి, అరవైకి ముందు ఏ మాత్రా వేసుకోని మనిషి తర్వాత డబ్బా నిండా మాత్రలు పెట్టుకుంటుంది.

ఇది వయసుతో మెల్లగా జరిగేది. అండాశయాలు కూడా తీసేస్తే ఆ మెల్లగా అనేది లేదు, నిన్న ఉన్న హార్మోను ఇవాళ ఉండదు. 31 ఏళ్ల మనిషి లోపల 47 ఏళ్ల మనిషి అయిపోతుంది. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచితే అంత దెబ్బ లేదు, అయినా అవి ముందుగానే పని మానేసే అవకాశం ఉంది. నలభై ఐదుకు ముందే నెలసరి హార్మోను ఆగిపోయిన ఆడవాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎక్కువ. ఎముకలు కూడా తొందరగా గుల్లబారతాయి.

ఇక్కడ ఒక మాట. పిల్లలు పుట్టకుండా చేసుకునే ఆపరేషన్ వేరు, పెద్దాపరేషన్ వేరు. మొదటి దాంట్లో గొట్టాలు ముడివేస్తారు అంతే, హార్మోనుకు ఏమీ కాదు. ఆ ఆపరేషన్ అయిన వాళ్లు భయపడాల్సిన పని లేదు. మా సమావేశంలో ముగ్గురు ఇదే అడిగారు కాబట్టి చెబుతున్నాం.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను అడిగారు. దేశం మొత్తం మీద గర్భసంచి తీయించుకున్నవాళ్లు నూటికి మూడుకు కొంచెం పైన. మన ఆంధ్రప్రదేశ్‌లో, పక్కన తెలంగాణలో నూటికి ఎనిమిదికి పైన. ఇంత తేడా ఎందుకో మనకు తెలియంది కాదు. తెల్లబట్ట అవుతుందని వెళ్తాం, నడుం నొప్పి అని వెళ్తాం, నెలసరి ఎక్కువ పోతుందని వెళ్తాం. స్కానింగ్ తీసి, గర్భసంచి పుండు పడింది, క్యాన్సరుకు తిరుగుతుంది అని భయపెడతారు. మనం కూడా "పిల్లలు పుట్టేశారు, ఇంకా ఆ సంచితో ఏం పని, కోతలప్పుడు నెలనెలా ఈ బాధ ఎందుకు" అనుకుని ఒప్పేసుకుంటాం. మా అక్కకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేశారు, పేరు అనవసరం. ఆమెకు అప్పుడున్నది తెల్లబట్ట, కడుపునొప్పి. ముందు మందులు వాడి చూద్దామన్న మాటే ఎవరూ అనలేదు. అండాశయాలు కూడా తీశారన్న సంగతి పన్నెండేళ్లు ఆమెకే తెలియదు, పాత డిశ్చార్జి కాగితం డాక్టరమ్మ చదివితే బయటపడింది.

పెద్దాపరేషన్ అవసరమైన వాళ్లు లేరని మేము అనడం లేదు. క్యాన్సరు ఉన్నా, పెద్ద గడ్డలున్నా, మందులకు ఆగని రక్తస్రావం ఉన్నా, సంచి బయటికి జారినా చేయించుకోవాల్సి రావచ్చు. ఆ అక్కకు గుండెపోటు ఒక్క ఆపరేషన్ వల్లే వచ్చిందని కూడా డాక్టరమ్మ చెప్పలేదు. ఇంకో మూడు దొరికాయి. రెండో కాన్పులో బీపీ పెరిగి కాళ్లు వాచాయి, గుర్రపువాతం దాకా పోయి బయటపడింది. షుగరు ఉంది, అది గుండెపోటు వచ్చిన రోజే తెలిసింది. మూడోది పొట్ట.

కాన్పులో బీపీ గాని షుగరు గాని వచ్చి, తర్వాత తగ్గిపోయిన వాళ్లు మనలో చాలామంది ఉన్నారు. బిడ్డ పుట్టింది, బీపీ పోయింది, గండం గడిచింది అనుకున్నాం. అది ముందుగా వచ్చిన నోటీసు అట. అలాంటి వాళ్లకు పదేళ్లకో ఇరవై ఏళ్లకో బీపీ, షుగరు, గుండెజబ్బు వచ్చే అవకాశం మిగతా వాళ్లకంటే ఎక్కువ. మన బిడ్డల కాన్పు కార్డులు పారేయకండి. షుగరు సంగతి ఇంకా మొండిది. షుగరు ఉన్న ఆడమనిషికి ఆ ఏడు, పదేళ్ల వెసులుబాటు దాదాపు ఉండదు. షుగరు వల్ల గుండెకు పెరిగే ముప్పు మగవాళ్లలో కంటే ఆడవాళ్లలోనే ఎక్కువ పాళ్లు పెరుగుతుంది. పొగ కూడా అంతే. మన దగ్గర ముసలమ్మలు కొందరు చుట్ట తాగుతారు, శ్రీకాకుళం వైపు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవాళ్లున్నారు. చుట్ట మగవాడి గుండెను వదలదు, ఆడదాని గుండెను అసలే వదలదు.

పొట్ట సంగతి వినండి. ఇందులో నవ్వుకున్నాం కూడా. మెటబాలిక్ సిండ్రోమ్ అని ఒక మాట డాక్టరమ్మ బోర్డు మీద రాసింది. అది ఒక జబ్బు పేరు కాదు, ఐదు గుర్తుల మూట. ఐదింట్లో ఏ మూడున్నా ఆ మూట మన నెత్తిన ఉన్నట్టే. నడుము చుట్టుకొలత మనలాంటి ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు గాని పైన గాని, అంటే సుమారు ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు. మగవాళ్లకైతే 90. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 150 గాని పైన గాని. మంచి కొవ్వు ఆడవాళ్లకు 50 కంటే, మగవాళ్లకు 40 కంటే తక్కువ. బీపీ పైది 130 గాని, కిందది 85 గాని ఉండటం, దాటడం. పరగడుపున షుగరు 100 గాని పైన గాని. చూశారా, కొలతల్లోనే ఆడా మగా తేడా పెట్టారు. తెల్లవాళ్ల కంటే మనకు నడుము కొలత తక్కువ పెట్టారు, ఎందుకంటే మనకు తక్కువ బరువులోనే ఈ తిప్పలు మొదలవుతాయి. "నేను సన్నగా ఉన్నాను, నాకేంటి" అన్న వాళ్లకే చేతులు సన్నం, కాళ్లు సన్నం, పొట్ట మాత్రం ముందుకు.

మా సంఘంలో టైలరింగు చేసే చెల్లి టేపు తెచ్చింది. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి వదిలాక కొలవాలి. పది మందిమి కొలుచుకున్నాం. ముప్ఫై ఒకటిన్నర లోపు ఉన్నది ఇద్దరే. మా కొలత చెప్పం, ఆ ఇద్దరిలో మేము లేమని మాత్రం చెబుతాం.

"పొద్దస్తమానం పని చేస్తాం కదండీ, మాకెందుకు వస్తుంది?" అని ఒక పిన్ని డాక్టరమ్మను నిలదీసింది. మాకూ అదే అనుమానం. ఆమె మా కంచం గురించి అడిగింది. పొద్దున అన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. కూర మగవాళ్లకు, పిల్లలకు వడ్డించాక గిన్నెకు అంటుకున్నది మనకు. మిగతా ముద్దంతా పచ్చడితోనే. మధ్యలో మూడుసార్లు చక్కెర టీ. ఒక్క అన్నమే అంత తింటే ఆ పిండిలో కొంత లోపల కొవ్వుగా మారి ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. పచ్చడి ముద్దతో ఉప్పు పోతుంది. రోజు మొత్తానికి మనిషికి ఒక చిన్న చెంచాడు ఉప్పు, అంటే 5 గ్రాములు దాటకూడదట. మా సంఘం పచ్చళ్లు పెట్టి అమ్మి బ్యాంకు అప్పు కట్టింది. ఆ నోటితోనే పచ్చడి తగ్గించండి అని చెప్పడం మాకే ఇబ్బందిగా ఉంది. అమ్మేవి అమ్ముదాం, కొనేవాళ్లు ఒక్క చెంచా వేసుకుంటారు. మనం ముద్దకో చెంచా వేసుకోవద్దు.

కూరలు కొనే స్తోమత ఎక్కడిది అని కూడా అన్నారు. నిజమే. కానీ పెరట్లో తోటకూర, మునగాకు, దొడ్లో బీర పాదు ఉన్న ఇళ్లలో కూడా మనం తినేది పచ్చడే. అందుకని మేము ఒకటి మొదలుపెట్టాం. వడ్డించే ముందే మన వాటా పప్పు, కూర ఒక గిన్నెలో తీసి పక్కన పెట్టుకోవడం. మొదటి వారం ఒక అత్తగారు "కోడలు ముందే దాచుకుంటోంది" అంది. ఆవిడ గిన్నె కూడా తీసి పక్కన పెట్టించాక ఊరుకుంది.

మాత్రల దగ్గర ఇంకో సంగతి. బీపీ మాత్రలు భర్తకు నెల నెలా తెస్తాం. మనకు తలనొప్పి తగ్గగానే ఆపేస్తాం. ఒకే చీటీ మాత్రలు మొగుడూ పెళ్లాం పంచుకుని వాడుతున్న ఇల్లు మా ఊళ్లోనే ఉంది. బీపీకి తలనొప్పి ఉండాలని ఏమీ లేదు. చప్పుడు చేయకుండా ఉంటుంది, మాత్ర ఆపితే మళ్లీ పెరుగుతుంది. ముప్ఫై నిండిన ప్రతి ఒక్కరికీ ఊళ్లోనే బీపీ, షుగరు చూడాలని సర్కారు పెట్టింది. మన ఏఎన్‌ఎం, ఆశ కార్యకర్త దగ్గరికి వెళ్లి అడగాలి, ఊరికే చూస్తారు. పెద్దాపరేషన్ అయిన వాళ్లు, చిన్న వయసులోనే నెలసరి ఆగినవాళ్లు, కాన్పులో బీపీ వచ్చినవాళ్లు ముందు వరుసలో వెళ్లండి. అండాశయాలు చిన్న వయసులో పోయిన వాళ్లకు హార్మోను మాత్రలు కావాలా వద్దా అన్నది డాక్టరు చూసి తేల్చాలి. మందుల షాపులో అడిగి వేసుకునేవి కావు అవి.

మా సంఘం ఏం చేసుకుందో చెప్పి ముగిస్తాం. గర్భసంచి ఆపరేషన్‌కు అప్పు అడిగితే కాదనం. అయితే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఆడవాళ్ల డాక్టరుకు కూడా కాగితాలు చూపించి రావాలి. దారి ఖర్చు సంఘమే పెడుతుంది, తోడుగా ఒకరు వెళ్తారు. రెండు ప్రశ్నలు చీటీ మీద రాసిస్తాం: మందులతో తగ్గదా, అండాశయాలు కూడా తీస్తారా. ఈ ఆరు నెలల్లో ఇద్దరు అడిగారు. ఒకామెకు మందులతోనే తగ్గింది. రెండో ఆమెకు గడ్డలు పెద్దవి, ఆపరేషన్ జరిగింది, అండాశయాలు ఉంచారు.

నెల సమావేశంలో పొదుపు వసూలయ్యాక ఏఎన్‌ఎం బీపీ చూస్తుంది. పుస్తకంలో వెనక పేజీ ఒకటి వేరే గీశాం. పేరు, వయసు, నెలసరి ఆగిన ఏడు, కాన్పులో బీపీ గాని షుగరు గాని ఉందా, నడుము, బీపీ. మొదట్లో నెలసరి సంగతి నలుగురిలో రాయించడానికి సిగ్గుపడ్డారు. ఎవరు ఎంత అప్పు ఎగ్గొట్టారో పైకి చదువుకునే వాళ్లం, ఇందులో సిగ్గేముంది అని మా రెండో లీడరు అంది.

ఇంకోటి కూడా గోడ మీద రాయించాం. ఛాతీలో నొప్పి, బరువు, లేదంటే ఉన్నట్టుండి ఆయాసం, చల్లచెమట, దవడ, వీపు, చేయి లాగడం, వాంతులు, ఇదివరకు ఎరగని నీరసం. ఆడవాళ్లకు కూడా ఎక్కువగా ఛాతీలోనే వస్తుంది, కానీ ఛాతీ నొప్పి లేకుండా మిగతావే రావడం మగవాళ్లలో కంటే ఎక్కువ. ముఖ్యంగా షుగరున్న వాళ్లలో. ఇవి కనిపిస్తే వాము నీళ్లు పొయ్యి మీద పెట్టే లోపు 108కి ఫోను చేయాలి. ఈసీజీ తీసి గ్యాసే అని తేలితే నవ్వుకుంటూ ఇంటికి వస్తాం, పోయేదేమీ లేదు. గేదె పాలు పక్కింటి వాళ్లు పిండుతారు. ఆ మాట సంఘంలో తీర్మానం చేసి సంతకాలు పెట్టించాం. ఎవరికి నొప్పి వస్తే వాళ్ల గేదెను ఎవరు పిండాలో కూడా వంతులు రాశాం.

భోజనాలకు ఇంకా టైముంది. బయట వేపచెట్టు కింద మా టైలరు చెల్లి టేపు పట్టుకుని కూర్చుంది, పక్కనే ఏఎన్‌ఎం గారు బీపీ మిషనుతో ఉన్నారు. లైనుగా రండి. పొట్ట లోపలికి బిగబట్టొద్దు, ఆ చెల్లికి తెలిసిపోతుంది.